ఆట పెట్టెలో సినిమా ఎందుకు?

లంబాలైన్, పోర్ట్ బ్లెయిర్
18 నవంబరు 2007

ప్రియమైన రాజీకి,

సౌభాగ్యవతి అనీ లక్ష్మీసమానురాలనీ నేను ఎవరికీ రాయనని నీకు తెలుసు. ప్రియమైన అన్న మాట మాత్రం మనసారా రాస్తున్నాను. ఉత్తరం సగానికి వచ్చేసరికి నీకు అనుమానం రావచ్చు కాబట్టి ముందే చెప్పి ఉంచుతున్నాను.

ఆపరేషను కుట్లు పూర్తిగా మానాయి. బడికి వెళ్తున్నాను, ఏడో తరగతికి తెలుగు చెబుతున్నాను, మహిళా సంఘం పత్రికకి వ్యాసాలు రాస్తున్నాను. జూన్‌లో నేను ఆస్పత్రిలో పడుంటే నువ్వు పరిగెత్తుకొచ్చి ప్రత్యూషని డిగ్లీపూర్ తీసుకెళ్ళావు. ఆ మేలు మరిచిపోలేదు. ఈ ఏడాది చదువు మీ దగ్గర, ఏప్రిల్లో పరీక్షలవగానే మళ్ళీ నా దగ్గరికి, అని అనుకున్నాం కదా. అది నాకు తమ్ముడి కూతురైతే నీకు అక్క కూతురు. నాగేంద్రా పార్వతీ పోయాక ఆ పిల్లకి నేనొక వైపు, నువ్వొక వైపు. ఇందులో నాకు ఏ తగాదా లేదు.

తగాదా ఆ డబ్బాతోనే. పోయిన ఆదివారం ఫోన్ చేస్తే మీ ఆయన ఎత్తారు. "టీచరమ్మగారూ, మీ మేనకోడలు కారు నడుపుతోందండి, తర్వాత చెయ్యండి" అన్నారు. పన్నెండేళ్ళ పిల్ల కారు నడపడమేమిటి అన్నాను. "టీవీలోనండి బాబూ. కొత్త డబ్బా తెప్పించాను కదా. ఆటా దాంట్లోనే, సినిమా దాంట్లోనే. సినిమా అంటే మామూలు సినిమా కాదు, హీరో మొహం మీద చెమట బొట్లు లెక్కెట్టొచ్చు. ఎక్స్‌ట్రా ఏటీ లేదు." ఆ తర్వాత వెనకనుంచి నా మేనకోడలి గొంతు వినిపించింది. "అత్తకి చెప్పు చిన్నాన్నా, ఒక్క లెవెల్ బాకీ, కల్ ఫోన్ చేస్తా" అంది. ఆ కల్, ఆ రేపు, ఇంకా రాలేదు.

"ఎక్స్‌ట్రా ఏటీ లేదు" అన్న మాట దగ్గర నాకు వొళ్ళు మండింది. గోల్‌ఘర్‌లో ఇంటర్నెట్ కొట్టుకి వెళ్ళి కూర్చున్నాను. ఒక్కో పేజీ తెరుచుకునేలోపు ఒక్కో టీ తాగి మొత్తం చదివాను. సంగతి ఇదీ. బొమ్మ బాగా స్పష్టంగా కనబడే కొత్త సినిమా డిస్కులు రెండు రకాలు వచ్చాయి. ఒకటి బ్లూ-రే, ఇంకోటి హెచ్‌డి డివిడి. ఒకదానికి చేసిన యంత్రంలో ఇంకోటి ఆడదు. ఏది గెలుస్తుందో ఎవరికీ తెలియదు, అందుకని జనం ఏదీ కొనడం లేదు. అప్పుడు ఒక పక్షంవాళ్ళు ఏం చేశారు? పిల్లలు ఎలాగూ ఆట పెట్టె కొంటారు కదా అని సినిమా యంత్రాన్ని దాని కడుపులో పెట్టి కుట్టేశారు. ఆట కావాలన్న పిల్ల సినిమా ఖరీదు కూడా కట్టుకోవాలి. సునామీ తర్వాత శిబిరంలో మనం చూడలేదా? తాగడానికి నీళ్ళు తెండి అంటే, ఈ ఉక్కలో, నీళ్ళతోపాటు ఉన్ని కంబళి కట్ట ఇచ్చి రెండిటికీ సంతకం పెట్టించుకున్నారు. అడగనిది అంటగట్టి "ఎక్స్‌ట్రా ఏటీ లేదు" అనడం అప్పుడూ విన్నాం.

ఒక్క డబ్బాలో రెండూ ఉంటే ఇల్లు ఖాళీగా ఉంటుంది, వైర్లు తక్కువ, ఓడలో రావలసిన సామాను తక్కువ అని నువ్వు అనవచ్చు. ద్వీపంలో ఉన్నవాళ్ళకి అది చిన్న మాట కాదు, ఒప్పుకుంటాను. కానీ కావలసినవాడు కావలసింది విడిగా కొనుక్కునే హక్కు అంతకంటే పెద్ద మాట. నా పోరాటం అంతా దాని గురించే. ఆ డబ్బా వచ్చినప్పటినుంచి ప్రత్యూష నాకు ఉత్తరం రాయలేదన్నది వేరే సంగతి. ఆమె సాయంత్రాలన్నీ మీ హాల్లో, నీ పక్కన, ఆ చెమట బొట్ల ముందు గడుస్తున్నాయన్నది కూడా వేరే సంగతి. నువ్వు ఆమెకి జడ వేస్తూ సినిమా చూస్తావట. నా దగ్గరున్నప్పుడు జడ వేసుకోవడానికి తీరిక లేదని కత్తిరింపు జుట్టుతో తిరిగేది, పెంచుకోమని ఎవరు చెప్పారో.

ఈ వాదనకి నీ జవాబు కావాలి. చదివి, ఆలోచించి, రాయి.

నీ వదిన
సుచరిత



లంబాలైన్
20 జనవరి 2008

ప్రియమైన రాజకుమారికి,

నారింజలు అందాయి. నాలుగు పేజీల వాదనకి జవాబుగా గోనెసంచీడు నారింజపళ్ళు పంపిన మొదటి మనిషివి నువ్వు. బస్సు కండక్టరు దింపి వెళ్తూ "డిగ్లీపూర్ దీదీ నే భిజ్వాయా హై", డిగ్లీపూర్ అక్క పంపించింది, అని నవ్వాడు. ఉత్తరం ఉందా అని సంచీ అడుగుదాకా వెతికాను. ఒక చీటీ ముక్క లేదు. తియ్యగా ఉన్నాయి. వీధంతా పంచిపెట్టాను, ఒక్కటీ ఉంచుకోలేదు. కాదు, రెండు ఉంచుకున్నాను.

మనిషిని తిట్టేవాళ్ళకన్నా మనిషి వాదానికి పళ్ళు పంపేవాళ్ళు ప్రమాదం. నేను ముప్ఫై ఏళ్ళుగా అధికార్లతో, కాంట్రాక్టర్లతో, బడిలో హెడ్మాస్టరుతో వాదిస్తున్నాను. ఎవరో ఒకరు ఎదురు తిరిగితే నాకు దారి కనిపిస్తుంది. నువ్వు ఎదురు తిరగవు. చిన్నప్పటినుంచీ అంతే. పార్వతి పెళ్ళిలో నేను కట్నం మాట, పురోహితుడి మాట ఎత్తి అందరితో పోట్లాడుతుంటే నువ్వు వచ్చి నా చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టి వెళ్ళావు. పద్దెనిమిదేళ్ళ పిల్లవి. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల ఏదో ఒకరోజు నన్ను ఓడిస్తుందని.

సంక్రాంతి సెలవుకి ప్రత్యూషని పంపమంటే ఆటల పోటీ అన్నారు. బడిలో ఆటలేమో అనుకున్నాను. డబ్బాలో ఆటలట, వీధి పిల్లలందరికీ మీ హాల్లో పోటీ పెట్టావట. నువ్వే పకోడీలు వేశావట. సరే. పోయిన ఆదివారం పిల్ల ఫోనులో మాట్లాడింది. నిమిషం మాట్లాడిందేమో. "అత్తా, నీ కుట్లు ఠీక్ హై నా? బడికి ఆటోలో వెళ్ళు, నడవకు" అని నాకే జాగ్రత్తలు చెప్పింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకేదో అడగబోతుంటే, "ఉంటానే, అమ్మ పిలుస్తోంది" అని పెట్టేసింది.

అమ్మ.

నిన్ను చిన్నమ్మా అనేది. చిన్న అనే మాట ఎప్పుడు రాలిపోయింది రాజీ? నేను కోపంగా అడగడం లేదు, తెలుసుకుందామని అడుగుతున్నాను. అబద్ధం. కోపంగానే అడుగుతున్నాను. ఒకటో తరగతినుంచి చదువుకోసం నా దగ్గర పెరిగిన పిల్ల. దాని పాలపళ్ళు ఊడితే కప్పు మీదికి విసిరింది నేను. మలేరియా వచ్చి వణికిపోతుంటే మూడు రాత్రులు దాని మీద పడుకుని వేడి పుట్టించింది నేను. అక్షరం దిద్దించింది నేను. ఇన్నీ చేసి నేను అత్తనే. నువ్వు ఏడు నెలల్లో, ఒక డబ్బాతో, ఒక పెద్ద టీవీతో, రోజూ జడ వేసి అమ్మవయ్యావు. వావి నీ వైపు ఉంది. తల్లి చెల్లెలు ఎప్పుడైనా తల్లి కావచ్చు. తండ్రి అక్క ఎంత చేసినా బయటి కొంపదే. ఈ వరసలు పెట్టినవాడెవడోగానీ వాడిమీద ఒక వ్యాసం బాకీ ఉన్నాను.

ఇక అసలు మాట. నేనూ ఒక ఆట పెట్టె తెప్పిస్తున్నాను. నవ్వకు. మన నూకన్న మద్రాసు ఓడమీద ఖలాసీ కదా, బర్మా బజారులో దొరుకుతుందట, వచ్చే ట్రిప్పులో తెస్తానన్నాడు. మీలాంటిది తెమ్మనలేదు. నేను ఆలోచించి ఎంచుకున్నాను. రెండో పక్షంవాళ్ళు నిజాయితీగా ఆట పెట్టె విడిగా, సినిమా యంత్రం విడిగా అమ్ముతున్నారు. కావాలంటే కొను, వద్దంటే మానెయ్. నేను రాసిన సూత్రం అచ్చంగా అదే. రెండూ తెమ్మన్నాను. "నూకన్నా, అక్కడ ఎవడెన్ని చెప్పినా వినకు, కలిపి ఉన్నది చూపిస్తారు, విడిగా ఉన్నదే తే" అని నాలుగుసార్లు చెప్పాను. కాబట్టి ఏప్రిల్లో ప్రత్యూష వచ్చేసరికి ఇక్కడ దానికి ఏ లోటూ ఉండదు. అందులో చెమట బొట్లూ కనిపిస్తాయి.

ఈసారి పళ్ళు పంపకు. జవాబు రాయి.

సుచరిత



లంబాలైన్
9 మార్చి 2008

రాజీ,

పెసలు అందాయి. ఇక నేనేమీ అనను.

నూకన్న ఓడ మద్రాసులో ఆగిపోయి మూడు వారాలు ఆలస్యంగా వచ్చింది. హేడో జెట్టీలో నిలబడి రెండు అట్టపెట్టెలు నా చేతిలో పెట్టి చెవి గోక్కుంటూ, "దీదీ, ఈ చిన్న పెట్టె, సినిమాది, బంద్ అయిపోయిందంట కదా. కంపెనీవోళ్ళే ఇంక చెయ్యం అన్నారంట. బజారులో అందరూ నవ్వినారు" అన్నాడు.

"మరి ఎందుకు తెచ్చావురా?"

"ఎవడెన్ని చెప్పినా వినొద్దన్నారు. వినలేదు."

గోల్‌ఘర్ వెళ్ళి చూసుకున్నాను. నిజమే. ఫిబ్రవరిలో హెచ్‌డి డివిడి పక్షం చేతులెత్తేసింది. మీది గెలిచింది. నా పెట్టె ఇంకా ఓడ ఎక్కకముందే దానికి కర్మకాండ అయిపోయింది. తెచ్చిన రెండు సినిమా డిస్కులూ తప్ప ఇక ఈ జన్మలో దానికి మూడో డిస్కు లేదు. అవీ నా పాత టీవీలో పెడితే మామూలు సినిమాలాగే కనిపించాయి. ఆ స్పష్టత చూడాలంటే టీవీ కూడా కొత్తది ఉండాలట, ఆ మాట నేను చదివిన చోట రాసే ఉంది, నేనే దాటేశాను. సిద్ధాంతం మాత్రం ఇప్పటికీ నాదే రైటు. గెలిచినంత మాత్రాన అంటగట్టడం న్యాయం అయిపోదు. వాళ్ళు వాదనలో గెలవలేదు, పిల్లల ఆటలో దాక్కుని గెలిచారు. ఇదంతా వ్యాసంగా రాయబోయి, రెండు పేరాలయ్యాక కలం పెట్టేశాను. నేను రాస్తున్నది డిస్కు గురించి కాదని నాకే తెలిసిపోయింది.

నీకు చెప్పని మాట ఒకటుంది. ఎవరికీ చెప్పలేదు.

ఆ డిసెంబరులో ప్రత్యూష నా దగ్గర ఉండబట్టి బతికిందని అందరూ అంటారు. నువ్వూ అన్నావు, నా భుజం మీద పడి ఏడ్చావు. అప్పటికి నెల ముందు నాగేంద్ర నాకు ఉత్తరం రాశాడు. కార్ నికోబార్‌లో పెద్ద క్వార్టరు ఇచ్చారు, జనవరిలో వచ్చి పిల్లని తీసుకుపోతాం, పార్వతి ఇక ఆగలేకపోతోంది, అని. ఆ ఉత్తరం వచ్చినప్పటినుంచి నేను మీ అక్క మీద పళ్ళు నూరుతూనే ఉన్నాను. మలేరియాకి లేని తల్లి ఇప్పుడెక్కడినుంచి ఊడిపడిందని. తల్లి బిడ్డని అడగడంకూడా నాకు దోపిడీలాగే కనిపించింది. నన్ను నేను ఎంత అభ్యుదయం అనుకుంటే ఏం లాభం.

ఆదివారం పొద్దున్న భూమి ఊగింది. ఆ సాయంత్రంనుంచి కార్ నికోబార్‌లో బతికినవాళ్ళని తెచ్చే విమానాలు మొదలయ్యాయి. మా ఇంటి కప్పు మీదుగా దిగుతాయి కదా. దిగిన ప్రతి విమానానికీ మేమిద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని విమానాశ్రయం గేటు దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. మూడో రోజు మధ్యాహ్నం, దిగి వస్తున్న వరసలో ఒక మనిషి, అచ్చం నాగేంద్రలా కుడి భుజం వంచి నడుస్తున్నాడు. నా తమ్ముడు. నేను ఎత్తుకు తిరిగినవాడు. బతికొచ్చాడు అనుకున్న ఆ క్షణంలో నాకు ముందుగా వచ్చింది సంతోషం కాదు రాజీ. "వచ్చేశాడు, ఇక పిల్లని తీసుకుపోతాడు" అనుకున్నాను. ముందు అదే వచ్చింది. సంతోషం దాని వెనక వచ్చింది. అది వచ్చేసరికి ఆ మనిషి దగ్గరికి వచ్చాడు. వేరే ఎవరో.

ఆ తర్వాత రెండున్నరేళ్ళు ఆ పిల్లని నేను పెంచిన పెంపకంలో ఎంత ప్రేమో ఎంత ఆ క్షణానికి కట్టుకున్న జరిమానాయో నాకు తెలియదు. మీ అక్కని చూసి అసూయపడ్డాను, ఆవిడ పోయింది. ఇప్పుడు నిన్ను చూసి పడుతున్నాను. ఆవిడ మీద పడిన అసూయే ఇది, మనిషి మారిందంతే. అందుకే భయంగా ఉంది.

పిల్లని ఏప్రిల్లో నా దగ్గరికి పంపు. అడుక్కుంటున్నానని అనుకున్నా సరే. నా వాదనలేవీ జవాబు చెప్పదగినవి కావని నీకు అనిపించి ఉంటే దీనికైనా చెప్పు. వస్తుందా, రాదా, ఒక్క మాట.

ఈ ఉత్తరం చదవగానే పొయ్యిలో పెట్టెయ్యి. ప్రత్యూష కంట మాత్రం పడనివ్వకు.

సుచరిత



డిగ్లీపూర్
23 మార్చి 2008

ప్రియమైన అత్తకి,

ప్రత్యూష రాస్తోంది. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపకు. చదువుకో, బస్, అంతే.

చిన్నమ్మకి తెలుగు చదవడం రాదు. నీకు తెలీదా? ఆమె ఇక్కడ హిందీ బడిలో చదివింది. మాట్లాడుతుంది అంతే. నువ్వు వచ్చినప్పుడల్లా నీ పత్రిక ఇస్తావు, ఆమె సిగ్గుపడి తీసుకుని బీరువాలో బట్టల కింద పెడుతుంది. అన్నీ ఉన్నాయి, ఒక్కటీ పారెయ్యలేదు. చిన్నాన్నకి వచ్చు, కానీ ఆయన నెలకి నాలుగు రోజులే ఇంట్లో ఉంటాడు. నీ ఉత్తరం రాగానే చిన్నమ్మ చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుని, "వదిన ఏటి రాసిందో చదువమ్మా" అంటుంది. నేనే చదువుతాను. మొదటినుంచీ.

మొదటి ఉత్తరంలో డబ్బా గురించి రాసిందంతా చదివాను. చిన్నమ్మ గురించి రాసింది వదిలేశాను. మధ్యలో ఆగిపోతే ఆమె నా మొహం చూస్తోంది. ఏదో ఒకటి చెప్పాలి కదా. అక్కడ నారింజలు దొరకట్లేదంట అన్నాను. రెండోసారి పెసలు అన్నాను. నాకు వేరే ఏమీ తోచలేదు. ఆమె మర్నాడే కట్టించి బస్సులో వేసింది. వదినకి మనమంటే ఎంత ప్రేమో చూడవే, నాలుగు పేజీలు రాసింది, అని పక్కింటి బెంగాలీ మాసీకి కూడా చెప్పింది. జవాబు నువ్వే రాయి అంది. రాస్తాను అన్నాను. ఏం రాయను? నాకు ఫోన్ చెయ్యడానికి కూడా భయం వేసేది. అందుకే చెయ్యలేదు. డబ్బా వల్ల కాదు.

ఆట పెట్టెలో సినిమా ఉండాలా వద్దా అని అడిగావు కదా. చిన్నమ్మకి ఆట రాదు. నాకు ఆ సినిమాలు బోర్. ఒకటే డబ్బా కాబట్టి వంతులు. నా వంతు అయ్యేదాకా ఆమె పక్కన కూర్చుని బఠాణీలు వొలుచుకుంటుంది, ఆమె వంతులో నేను జడ వేయించుకుంటాను. విడివిడిగా ఉంటే ఆమె ఒక గదిలో, నేను ఒక గదిలో ఉండేవాళ్ళం. నీ నాలుగు పేజీల్లో ఇది లేదు. కానీ నీది సినిమా యంత్రమే కదా పోయింది, ఆట పెట్టె ఆడుతుంది కదా. కలిపి ఉంటే రెండూ మూల పడేవి. అంటే సగం నువ్వు కరెక్టు.

అమ్మ అని అంటాను, నిజమే. అన్నిసార్లూ కాదు. పొయ్యి దగ్గర వంగి ఉన్నప్పుడు వెనకనుంచి ఆమె అమ్మలాగే ఉంటుంది. ఆమెని పిలవడానికి కాదు, నోటికి వచ్చేస్తుంది అంతే. నీకు ఎలా చెప్పాలో నాకు తెలీలేదు.

మూడో ఉత్తరం బడినుంచి వస్తుంటే పోస్ట్‌మేన్ నా చేతికే ఇచ్చాడు. మెట్ల మీద కూర్చుని చదివాను. ప్రత్యూష కంట పడనివ్వకు అన్న లైను అన్నిటికన్నా చివర రాశావు. అక్కడికి వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆ మనిషిని నేనూ చూశాను అత్తా. నీకు గుర్తుందా, నేను నాన్నా అని అరిచాను. నువ్వు అరవలేదు. అప్పటిదాకా దిగిన ప్రతి విమానానికీ నువ్వే ముందు పిలిచేదానివి, గొంతు పోయేదాకా. ఆయన వచ్చినప్పుడు నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకున్నావు, నొప్పి వేసింది. ఎందుకు పిలవలేదో నేను చాలాసార్లు అనుకున్నాను. నువ్వు ముందే కాదని గుర్తుపట్టావేమో అనుకున్నాను. నాకంటే నీకు బాగా తెలుసు కదా అని. ఇప్పుడు తెలిసింది.

వారం రోజులు నీమీద కోపంగా ఉన్నాను. ఇంకా ఉంది. చిన్నమ్మ ఎందుకే అలా ఉన్నావు అని అడుగుతోంది. చెప్పలేదు. నీ ఉత్తరం రాలేదని అబద్ధం చెప్పాను. వదిన ఈసారి రాయలేదేటి, వొంట్లో బాగులేదేమో, అని రోజూ అంటోంది. అబద్ధాలు నాకు ఎక్కువైపోయాయి. ఇంక మోయలేను.

పరీక్షలు ఏప్రిల్ పదిహేడుకి అయిపోతాయి. నేను వస్తాను. వస్తానని ముందే అనుకున్నాను, నువ్వు ఎవరినీ అడుక్కోనక్కర్లేదు. కానీ నన్ను ఒక్కదాన్నే బస్సు ఎక్కించి పంపమని చెప్పకు. నువ్వే ఇక్కడికి రా. మూడు ఉత్తరాలూ నా పుస్తకాల సంచీలో ఉన్నాయి, పొయ్యిలో పెట్టలేదు. చిన్నమ్మ దగ్గర కూర్చుని అవి నువ్వే చదవాలి, మొత్తం, నాలాగ ఏమీ వదిలెయ్యకుండా. ఆమె ఏమంటుందో నాకు తెలీదు. విమానాల సంగతి వచ్చినప్పుడు నేను కూడా అక్కడే ఉంటాను.

అది అయ్యాక బస్సెక్కుదాం.

నీ మేనకోడలు
ప్రత్యూష